బతకకూడని క్రిమి

"ఫైలు మూసేశానక్కా," అన్నాడు సీఐ కృష్ణకాంత్, బాపట్లలో దక్షిణామూర్తి ల్యాబు గుమ్మానికి అడ్డంగా నిలబడి. "తెనాలి నుంచి ఎండనపడి వచ్చావు కాబట్టి కాఫీ తాగి వెళ్ళు."

లిడియాకి ఒళ్ళు మండిపోయింది. ఈ కృష్ణకాంత్ తన దగ్గర ట్రైనీ ఎస్సైగా ఉన్నప్పుడు శవాన్ని చూస్తే వాంతి చేసుకునేవాడు. ఇప్పుడు బతికున్న పిల్లకి పంచనామా రాసేసి మీసం దువ్వుకుంటున్నాడు. ఆమె యూనిఫాం విడిచిపెట్టి తెనాలిలో ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నాక, కేసులు తొందరగా తేల్చే మొనగాడని డిపార్టుమెంటులో ఇతనికి మంచి పేరొచ్చింది.

"ఏమని మూశావు?"

"సంజనది అజాగ్రత్త. జబ్బు తెచ్చే క్రిములతో పనిచేసేటప్పుడు పాటించాల్సినవి పాటించలేదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. మెషీన్‌లో ఏ లోపమూ లేదని దసరా ముందే సర్వీసు చేసినవాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంకేం కావాలి నీకు?"

"ఆ పిల్ల ఇంకా చావలేదు కృష్ణకాంత్. ఆమె బతకడం కావాలి. తప్పుకో."

అతను తప్పుకోలేదు. లిడియానే భుజంతో తోసుకుని లోపలికి నడిచింది. ఆడమనిషిని చెయ్యిపట్టి ఆపలేక, వెనకే బూట్లు చప్పుడు చేసుకుంటూ వచ్చాడు.

సంజన తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంది. తల్లి ఆదిలక్ష్మిది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. ఆమె భర్త వరి మడిలో దిగి పనిచేసే మనిషి, పైగా సుగర్. ఒక వానాకాలం జ్వరమొచ్చింది. టీబీ అన్నారు, న్యుమోనియా అన్నారు, చివరికి మట్టిలోంచి వచ్చే మెలియాయిడోసిస్ అని తేలేసరికి మనిషి పోయాడు. అప్పుడు ఇంటర్ చదువుతున్న సంజన, నాన్నని తిన్న పురుగు పని పడతానని ఈ చదువులోకి వచ్చింది. ఇప్పుడు అదే పురుగు ఆమెని తింటోంది. "మంచినీళ్ళ గ్లాసు మీద మూత లేకపోతే ఊరుకోదమ్మా నా కూతురు. దానిది అజాగ్రత్త అంటే నేనెట్టా నమ్మేది?" అని ఆదిలక్ష్మి నిన్న లిడియా ఆఫీసులో గోడకి ఆనుకుని ఏడ్చింది.

వరండాలో సంజనతో కలిసి పనిచేసే దీపక్ దొరికాడు. గడ్డం మాసి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. లిడియాని చూడగానే సీఐ మొహం వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి నచ్చలేదు.

"ఆయన్నెందుకు చూస్తావు? అడుగుతోంది నేను. నాకు సైన్సు రాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. ఏంటి మీరిక్కడ చేసే పని?"

"ఈ బాక్టీరియాలో వేల జన్యువులుంటాయి మేడమ్," అన్నాడు దీపక్. "అందులో ఏవి లేకపోతే అది బతకలేదో కనిపెట్టడం మా పని. ఒక్కో క్రిమిలో ఒక్కో జన్యువుని విరగ్గొడతాం. విరిగినా క్రిమి బతికిందంటే ఆ జన్యువు దానికి అంత అవసరం లేదన్నమాట. కొన్ని విరిగితే మాత్రం ఒక్క క్రిమి కూడా మిగలదు. అవీ దాని ప్రాణాలు. మందు తయారు చేస్తే వాటిమీద దెబ్బ కొట్టేలా చెయ్యాలి."

"ఇంట్లో ఏ స్తంభం లాగేస్తే కప్పు కూలుతుందో వెతకడం."

"అంతే మేడమ్. అలా మా డైరెక్టర్ గారు పట్టుకున్నదే జి-పదిహేడు. అది విరిగిన క్రిమి ఒక్కటీ బతకలేదు. దాన్ని కొట్టే మందు కూడా తయారైంది. రేపల్లెలో రోగులకి ఇవ్వడం ఇవాళే మొదలు."

"మరి సంజనకి దాంతో పేచీ ఏంటి?"

దీపక్ నోరు టక్కున మూతపడింది. కృష్ణకాంత్ వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు.

"పేచీ ఉందని మీకెవరు చెప్పారు?" అన్నాడు దీపక్.

"నువ్వే. ఇందాకట్నుంచి గుక్కతిప్పుకోకుండా చెప్పినవాడివి, ఆ పిల్ల పేరెత్తగానే ఆగిపోయావు. చూడు బాబూ, నీ థీసిస్ మీద డైరెక్టర్ సంతకం కావాలి, అవునా? ఆ సంతకం కోసం ఎన్నాళ్ళయినా నోరు మూసుకో, నాకనవసరం. కానీ అక్కడ ఆ పిల్లకి ఊపిరి మెషీన్ ఆడిస్తోంది. రేపు ఆమె పోయాక, నీ పేరు ముందు డాక్టర్ అని రాసుకునేటప్పుడు చెయ్యి వణకదా?"

దీపక్ తలదించుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "మేం క్రిముల్ని ప్లేట్లలో పెంచుతాం మేడమ్. ప్లేటులో ఉండే తిండి వేరు, మనిషి ఒంట్లో దొరికే తిండి వేరు. సంజన ప్లేటులో మనిషి రక్తం కలిపి చూసింది. జి-పదిహేడు విరిగిన క్రిమి బతికేసింది."

"బతకకూడనిది బతికిందా?"

"మామూలు ప్లేటు మీద చస్తుంది. రక్తం కలిపితే శుభ్రంగా బతుకుతుంది. జి-పదిహేడు చేసే పని దానికి మన రక్తంలోనే రెడీగా దొరుకుతోంది. అంటే..."

"అంటే మీ డైరెక్టర్ మందు గాజు ప్లేటులో పనిచేస్తుంది, మనిషిలో పనిచెయ్యదు."

"నేను ఆ మాట అనలేదు మేడమ్," అన్నాడు దీపక్ హడలిపోయి.

"అనలేదు. నీ మొహం అంది. సంజన ఆ సంగతి ఆయనకి చెప్పిందా?"

"దసరా ముందు చెప్పింది. ఆయన కోప్పడలేదు. సెలవులవగానే నా కళ్ళముందు మళ్ళీ చేసి చూపించమ్మా అన్నారు. పండగ వెళ్ళాక ఏకాదశి పొద్దున్నే చేసింది. ఆయన మాత్రం తాళం తీసి వెళ్ళి, ఫోనొచ్చిందని మళ్ళీ గదిలోకి రాలేదు. ఆ వారంలోనే ఆమెకి జ్వరం వచ్చింది."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

లిడియాకి అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఆ పిల్లకి ఉన్న ధైర్యంలో పావు వంతు వీడికుంటే ఇవాళ తను ఇక్కడికి రావాల్సిన పనే లేదు. కోపం దిగమింగి, సంజన పనిచేసిన గది ఎక్కడో చూపించమంది.

గది బయట ల్యాబు డైరెక్టర్, డాక్టర్ దక్షిణామూర్తి స్వయంగా ఎదురొచ్చాడు. నుదుట విభూతి, భుజాన ఉత్తరీయంలాంటి శాలువా, నోట్లో తేనె. "రండమ్మా రండి. సంజన నా బిడ్డలాంటిది. మీరు ఏం చూడాలన్నా చూడండి. సీఐ గారి ఎదుటే సీలు తీయించి, గది మొత్తం మందు పొగతో శుద్ధి చేయించాం, భయపడక్కర్లేదు," అన్నాడు. అయినా మాస్కులు ఇప్పించాడు. లిడియా ఆ మర్యాదంతా గమనించి, నవ్వకుండా మాస్కు కట్టుకుంది.

గది మధ్యలో గాజు ముఖంతో స్టీలు పెట్టె ఒకటి ఉంది. దాన్ని హుడ్ అంటారు. క్రిములతో పనంతా అందులోనే. లోపలి గాలిని అది తనలోకి లాక్కుని, వడగట్టి వదులుతుంది, పనిచేసే మనిషి మీదికి రానివ్వదు. గాలి సరిగా లాగకపోతే అలారం కొడుతుంది. ఆ హుడ్ మీదా, ఫ్రిజ్‌ల మీదా, మైక్రోస్కోపుల మీదా, ఆఖరికి చెత్తబుట్ట మీదా కూడా గంధం, దానిపైన కుంకుమ బొట్లు ఎండిపోయి ఉన్నాయి.

"ఆయుధపూజ గట్టిగానే చేసినట్టున్నారు," అంది లిడియా.

దక్షిణామూర్తి మొహం విచ్చుకుంది. "మా ల్యాబులో అది తప్పదమ్మా. నవమి నాడు నా చేత్తోనే ప్రతి పరికరానికీ బొట్టు పెడతాను. దసరా బొట్టు దానంతట అది రాలిపోవాలే తప్ప ఎవరూ తుడవకూడదని ఆర్డరు వేశాను."

"పూజయ్యాక ఎవరైనా పరికరాలు వాడారా?"

"అపచారం! పూజలో పెట్టిన వస్తువు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకుంటామా? గదికి తాళం వేసి, తాళంచెవి మా ఇంట్లో అమ్మవారి పాదాల దగ్గర పెట్టాను. ఏకాదశి పొద్దున నేనే తెచ్చి, నేనే ఉద్వాసన చెప్పి, నేనే తీశాను. నా వెనకే సంజన వచ్చి పనిలో కూర్చుంది."

"రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఉండదమ్మా. ఇలాంటి క్రిములున్న గదికి నలుగురికి తాళాలిస్తే ఆటలా ఉంటుందా?"

"ఎంత పద్ధతో చూడక్కా," అన్నాడు కృష్ణకాంత్ భక్తిగా. "ఇలాంటాయన మీదా నీ అనుమానం?"

లిడియా వినిపించుకోలేదు. హుడ్ చుట్టూ తిరిగి, కుడిపక్క గోడ ముందు చతికిలబడింది. అక్కడ చదరంగా ఒక స్టీలు పలక, నాలుగు మూలలా స్క్రూలతో బిగించి ఉంది. పలకకి పైన, హుడ్ ఒంటిమీద సగం కుంకుమ బొట్టు ఉంది. అర్ధచంద్రాకారంగా, గీత గీసినట్టు అక్కడికే ఆగిపోయింది. దాని కింద పలక మీద ఉండాల్సిన సగం లేదు. ఆమె మెల్లిగా చూపు కిందికి దించింది. పలక కిందంచున, ఎవరికీ అక్కర్లేనట్టు, తలకిందులుగా మిగతా సగం బొట్టు ఉంది.

లేచి నిలబడి, దీపక్ వైపు తిరిగింది. "పూజ రోజు ఫోటోలు తీశారా?"

"ల్యాబు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి మేడమ్."

ఫోటోలో దక్షిణామూర్తి పట్టుపంచెతో హుడ్‌కి హారతి ఇస్తున్నాడు. కుడిపక్క పలకా హుడ్డూ కలిసేచోట గుండ్రంగా, నిండుగా, రూపాయి బిళ్ళంత బొట్టు. లిడియా ఆ ఫోన్ కృష్ణకాంత్ మొహం ముందు పెట్టింది.

"చూడు. నవమి నాడు బొట్టు ఒక్కటే ముక్క. ఇప్పుడు సగం పైన, సగం కింద. పూజయ్యాక ఈ పలకని ఎవరో విప్పారు. తిరిగి బిగించేటప్పుడు తలకిందులుగా పెట్టారు. సర్వీసు వాళ్ళు దసరా ముందే వచ్చి వెళ్ళిపోయారని నువ్వే చెప్పావు. నవమి నుంచి ఏకాదశి దాకా తాళంచెవి ఎక్కడుందో ఈయనే చెప్పారు."

"బొట్టు చూసి ముద్దాయిని పట్టేస్తావా అక్కా?" కృష్ణకాంత్ పకపకా నవ్వాడు. "కోర్టులో చెప్తే జడ్జి గారు కుర్చీలోంచి పడి నవ్వుతారు. తర్వాత ఎవరైనా విప్పి ఉండొచ్చుగా?"

"సంజన పడిపోయాక ఈ గదికి సీలు వేసింది ఎవరు? నువ్వే. ఆ మధ్యలో రిపేరు చేయించారా డాక్టర్ గారూ?"

"నాకు తెలిసి లేదు," అన్నాడు దక్షిణామూర్తి. తేనె కొంచెం చిక్కబడింది.

"అయితే నువ్వే విప్పు కృష్ణకాంత్. నేను చెయ్యిపెడితే సాక్ష్యం చెడగొట్టానంటావు."

"నువ్వు చెప్తే నేను స్క్రూలు విప్పాలా? నేనేమన్నా నీ ట్రైనీనా ఇంకా?"

"ట్రైనీగా ఉన్నప్పుడే నయం, చెప్పిన మాట వినేవాడివి. విప్పు. లోపల అంతా బాగుంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి తెనాలి బస్సెక్కుతా."

ఆ దణ్ణం మీద ఆశ కొద్దీ విప్పాడు. పలక చేతిలోకి వచ్చింది. లోపల వడపోత ఫిల్టర్ చుట్టూ గాలి పోకుండా ఉండాల్సిన రబ్బరు పట్టీ లేదు. అలారం తీగ ఊడదీసి, పక్కకి మడిచి ఉంది. దీపక్ "అమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గాలి లోపలికి లాగాల్సిన హుడ్ ఆ రోజంతా సంజన మొహం మీదికే ఊదింది. హెచ్చరించాల్సిన గంట కూడా కొట్టలేదు. కృష్ణకాంత్ నవ్వు ఎటుపోయిందో తెలీదు.

లిడియా దక్షిణామూర్తి కళ్ళలోకి చూసింది. ఆయన శాలువా సర్దుకున్నాడు. భయపడలేదు, అదే ఆమెకి కంపరం పుట్టించింది.

"ఏదో పొరపాటు జరిగినట్టుంది. విచారించండి, నేను కాదనను," అన్నాడు. "కానీ తల్లీ, ఒక్క మాట. ఆ పిల్లని చంపాలనుకున్నవాణ్ణి అయితే, నా మందు నేనే ఎందుకిస్తాను? పాత ఇంజెక్షన్లు పనిచెయ్యట్లేదని ఆసుపత్రి వాళ్ళు చేతులెత్తేస్తుంటే, ప్రత్యేకంగా అనుమతులు తెప్పించి, ఇంకా ఏ రోగికీ దక్కని మందు మొన్న స్వయంగా తెనాలి తీసుకెళ్ళి ఇచ్చాను. వాళ్ళమ్మని అడగండి. నా కాళ్ళమీద పడి ఏడ్చింది."

"అదీ!" అన్నాడు కృష్ణకాంత్, ఊపిరి పీల్చుకుని. "దీనికి సమాధానం చెప్పక్కా."

చంపాలని హుడ్ పాడుచేసినవాడు, బతికించడానికి మందు ఎందుకు మోసుకెళ్తాడు? ఎక్కడో మెలిక ఉంది, లిడియాకి అందట్లేదు. దక్షిణామూర్తి గడియారం చూసుకుని, రేపల్లెలో రోగులు తన కోసం కూర్చున్నారనీ, మొదటి డోసు తన చేతుల మీదుగా పడాలనీ చెప్పి బయల్దేరాడు. "ఆపు కృష్ణకాంత్," అంది లిడియా. అతను ఆపకపోగా, కారుదాకా వెళ్ళి తలుపు తీసి సెల్యూట్ కొట్టి వచ్చాడు.

"నీ సిగ్గు తగలెయ్య," అంది లిడియా.

"పెద్దమనిషి అక్కా ఆయన. ఎక్కడికి పోతాడు?"

అప్పుడే లిడియా ఫోన్ మోగింది. తెనాలి ఆసుపత్రిలో సంజనని చూస్తున్న డాక్టర్ మున్నీసా. ఈ కేసులో ఆదిలక్ష్మి తర్వాత లిడియాని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

"లిడియా గారూ, మీరు బాపట్ల ల్యాబులోనే ఉన్నారుగా? అక్కడివాళ్ళని ఒక మాట అడగండి," మున్నీసా గొంతు అలిసిపోయి ఉంది. "సంజన రక్తంలో క్రిమి వింతగా ఉందండి. మామూలుగా ఇది ఏ ప్లేటు మీదైనా పెరుగుతుంది, మొండి క్రిమి. ఈ పిల్ల దగ్గర తీసింది మాత్రం రక్తం కలిపిన ప్లేటు మీదే పెరుగుతోంది. మామూలు ప్లేటు మీద ఎన్నిసార్లు వేసినా చచ్చిపోతోంది. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళకేమన్నా తెలుసా?"

లిడియా ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అదే మాట మళ్ళీ చెప్పించింది. దీపక్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది సంజన చేసిన క్రిమి," అన్నాడు. "జి-పదిహేడు విరిగింది. ఆ రోజు హుడ్‌లో పెట్టింది అదే. మేడమ్... ఆ అమ్మాయికి డైరెక్టర్ గారి మందు ఎక్కిస్తున్నారన్నారే..."

"అయితే?"

"ఆ మందు జి-పదిహేడునే కొడుతుంది. ఇంకేమీ చెయ్యదు. జి-పదిహేడు లేకుండానే బతుకుతున్న క్రిమిని అదేం చేస్తుంది? సెలైన్‌కీ దానికీ తేడా లేదు మేడమ్!"

మెలిక విడిపోయింది. చంపడానికే ఇచ్చాడు ఆ మందు. సంజన లోపల ఏ క్రిమి ఉందో ఆయనకి మొదట్నుంచీ తెలుసు. దాని మీద ఏ మందు పనిచెయ్యదో కూడా తెలుసు. అది పట్టుకెళ్ళి, కన్నతల్లి చేత కాళ్ళకి మొక్కించుకున్నాడు.

"డాక్టర్ గారూ, పాత ఇంజెక్షన్లు నడుస్తున్నాయా?"

"లేదండి," అంది మున్నీసా. "రెండూ కలిస్తే కొత్తది పనిచెయ్యదని దక్షిణామూర్తి గారు గట్టిగా చెప్పారు. మా పెద్ద డాక్టర్లు కూడా సరేనన్నారు. మొన్ననే ఆపేశాం. పాతది నెమ్మదిగా పనిచేస్తోందే తప్ప పనిచెయ్యక కాదండి. రెండు రోజులుగా పిల్ల ఇంకా దిగజారుతుంటే కొత్త మందు పట్టడానికి టైం పడుతుందేమో అనుకున్నాం. యా అల్లా... నేను వెంటనే పాతది ఎక్కిస్తా."

కృష్ణకాంత్ అప్పటికే వాకీటాకీలో రేపల్లె స్టేషన్‌ని పిలుస్తున్నాడు. మాట తడబడుతోంది. "ఆ ఆసుపత్రిలో ఎవరికీ ఒక్క చుక్క ఎక్కనివ్వద్దు... అవునయ్యా, డాక్టర్ గారినే, ఆయన్నే ఆపమంటున్నా... సెల్యూట్లు తర్వాత!" లిడియా వైపు చూడకుండా జీపు దగ్గరికి పరిగెత్తాడు. ఆమె కూడా అతన్ని చూడలేదు. వీడిని ఇప్పుడు తిట్టినా ఆ రెండు రోజులు వెనక్కి రావు.

ఫోన్‌లో మున్నీసా నర్సుల మీద కేకలు వెయ్యడం, ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించాయి. తర్వాత ఫోన్ ఎవరో లాక్కున్నారు.

"అమ్మా, లిడియమ్మా!" ఆదిలక్ష్మి. "వీళ్ళు ఆ మందు సీసా తీసేస్తన్నారమ్మా! నువ్వన్నా చెప్పు. ఆ మహానుభావుడు కారేసుకుని వచ్చి ఇచ్చిన మందమ్మా అది. అదాపితే నా బిడ్డ దక్కదు. నేను తియ్యనివ్వను, సీసా పట్టుకుని కూచున్నా, నన్ను చంపి తియ్యమను!"

"ఆదిలక్ష్మీ, సీసా వదిలెయ్. నా మాట విను. వదిలెయ్."

"ఎందుకమ్మా?"

ఎలా చెప్పాలో లిడియాకి తెలియలేదు. ఏళ్ళ తరబడి పోలీసు ఉద్యోగంలో ఎంతమందికి ఎన్ని చావు కబుర్లు చెప్పిందో, ఒక్క మాటా ఇంత కష్టం కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ క్రిమిని సంజన మీదికి వదిలింది ఎవరో, ఆ మందు ఎందుకు పనిచెయ్యదో, ఆయన ఎందుకు ఇచ్చాడో.

అటువైపు ఆదిలక్ష్మి పెనుగులాట ఆగింది. ఎవరో సీసా మార్చారు, స్టాండు కదిలిన చప్పుడైంది. పాత ఇంజెక్షన్ ఎక్కుతోందని మున్నీసా దూరంనుంచి అరిచి చెప్పింది. పట్టుకుంటుందో లేదో ఇవాళా రేపూ గడిస్తే గానీ చెప్పలేనంది.

అప్పుడు ఆదిలక్ష్మి నోరు విప్పింది. ఏడవడం లేదు. గొంతు పొడిగా, ఎవరిదో గొంతులాగా ఉంది.

"పెద్ద డాక్టర్లు నన్నడిగారమ్మా. పాత మందు ఆపాలంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాల, ఆలోచించుకో, రేపు చెప్పు అన్నారు. నేనే, రేపెందుకు, ఇప్పుడే ఆపండయ్యా అని తొందరపెట్టి ఏలిముద్ర ఏశాను. అది ఆపింది నేనే కదమ్మా?"